ఒడ్డు మీద రిగ్గు – సముద్రం కింద బావి

బావి అనగానే మన కళ్ళ ముందు మెదిలేది నిట్టనిలువు గొయ్యి. ఊళ్ళోకి బోరుబండి వచ్చిందంటే బడి సంగతి మరిచిపోయి చుట్టూ మూగినవాళ్ళం మనలో చాలామందిమి ఉంటాం. గొట్టం తరవాత గొట్టం దిగుతుంటే, తెల్లటి రాతిపొడి పైకి చిమ్ముతుంటే, నీళ్ళు పడతాయా లేదా అని పొలం రైతుతో పాటు మనమూ ఊపిరి బిగపట్టి చూసేవాళ్ళం. అయితే బండి ఎక్కడ నిలబెడితే దాని కిందే బోరు పడుతుంది. పక్క చేలో నీళ్ళున్నాయని తెలిస్తే బండిని ఆ చేలోకి తీసుకుపోవలసిందే.

మరి బండిని ఒడ్డు మీదే ఉంచి, పది కిలోమీటర్ల అవతల సముద్రం అడుగున ఉన్న చమురు రాతిలోకి బావి తవ్వగలమా? తవ్వగలం. 25 ఏళ్ళ కిందటే తవ్వారు కూడా. పెట్రోలియం ఇంజనీరింగులో దీన్ని 'ఎక్స్‌టెండెడ్ రీచ్ డ్రిల్లింగ్' అంటారు. ఈ వ్యాసంలో మనం 'దూరపు బావి' అని పిలుచుకుందాం. నిలువు లోతు కంటే అడ్డంగా వెళ్ళిన దూరం కనీసం రెండు రెట్లు ఉంటే దాన్ని దూరపు బావిగా లెక్కిస్తారు.

ప్రస్తుతం నేను పెట్రోలియం ఇంజనీరింగులో ఎం.టెక్. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. ఈ సబ్జెక్టు పేరు చెబితే మన హాస్టల్ తమ్ముళ్ళు "అది మనకెక్కడ అర్థమవుతుంది అన్నా" అంటుంటారు. అర్థమవుతుంది. ఎందుకంటే ఈ బావి తవ్వేటప్పుడు ఎదురయ్యే పెద్ద పెద్ద చిక్కులన్నీ మన హైస్కూలు, ఇంటర్ పుస్తకాల్లో ఉన్న ఘర్షణ, ప్లవనం, ద్రవపీడనం పాఠాలే. ఒక్కొక్కటిగా చూద్దాం.

దూరపు బావి ఎందుకు?

ఇంగ్లండు దక్షిణ తీరంలో డోర్సెట్ అనే ప్రాంతం ఉంది. అక్కడి పూల్ హార్బర్ దగ్గర 1973లో విచ్ ఫార్మ్ అనే చమురు క్షేత్రం బయటపడింది. అందులోని ప్రధాన చమురు పొర సుమారు 1,600 మీటర్ల లోతున ఉన్న ఇసుకరాయి. ఆ పొర భూమి కిందే ఆగక తూర్పుగా సముద్రం కిందికి కూడా సాగి ఉంది. ఆ భాగంలోని చమురు తీయడానికి బీపీ కంపెనీ మొదట సముద్రంలో ఒక కృత్రిమ దీవి కట్టాలనుకుంది. కాని అది అందమైన తీరం. పక్షులకూ, మొక్కలకూ రక్షణ ఉన్న ప్రదేశం. పైగా దీవి కట్టడం అంటే మామూలు ఖర్చు కాదు. అప్పుడు ఇంజనీర్లు ఇంకో దారి ఆలోచించారు. ఒడ్డునే రిగ్గు పెట్టి, బావిని వంచి, సముద్రం కిందికి నడిపిస్తే ఎలా ఉంటుంది?

1990లలో అలాగే చేశారు. 1998 మొదట్లో ఎం-11 అనే బావి అడ్డంగా 10 కిలోమీటర్లు దాటి ప్రపంచ రికార్డు సృష్టించింది. 1999లో ఎం-16 అనే బావి దాన్నీ మించింది. దాని గొట్టాల పొడవు 11,278 మీటర్లు. అడ్డంగా వెళ్ళిన దూరం 10,728 మీటర్లు. నిలువు లోతు మాత్రం 1,637 మీటర్లే! అంటే లోతుకు ఆరున్నర రెట్లు దూరం. చార్మినార్ దగ్గర మొదలుపెట్టి సూటిగా పోతే సికింద్రాబాదు స్టేషను దాటి ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్ళినట్టు. అదీ చివరి భాగంలో సుమారు జానెడు వెడల్పున్న కన్నంలో!

దీవి అవసరం లేకపోయింది. సముద్రం మీద ఒక్క ఇనుప స్తంభం కూడా లేవలేదు. అయితే చెప్పినంత సులువుగా ఈ పని జరగలేదు.

మొదటి చిక్కు: గొట్టం జారదు

బిట్టును తిప్పే గొట్టం మందం సుమారు అయిదున్నర అంగుళాలు. చూడటానికి గట్టి ఉక్కు. కాని పొడవు 11 కిలోమీటర్లు. ఈ కొలతల్ని చిన్నవి చేసి చూద్దాం. గొట్టం మందాన్ని పావు మిల్లీమీటరుకు, అంటే కుట్టు దారమంత సన్నానికి తగ్గిస్తే, పొడవు 20 మీటర్లవుతుంది. ఆ దారం ఒక చివర పట్టుకొని, 20 మీటర్ల అవతలి చివరతో రాయిని తొలవాలి. సమస్య ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది.

నిలువు బావిలో గొట్టం తన బరువుకు తానే దిగుతుంది. బిట్టు మీద బరువు కూడా దానివల్లే పడుతుంది. దూరపు బావిలో అలా కాదు. ఒక బల్ల చెక్క మీద పుస్తకం పెట్టి, చెక్కను ఒక వైపు మెల్లగా పైకెత్తండి. కొంత వాలు వచ్చేదాకా పుస్తకం కదలదు. ఆ తరవాతే జారుతుంది. ఆ కోణమే ఘర్షణ కోణం. దాని 'టాన్' విలువ ఘర్షణ గుణకానికి సమానం అని ఇంటర్ ఫిజిక్సులో చదువుకుంటాం. బావిలో గొట్టానికీ గోడకూ మధ్య ఘర్షణ గుణకం మామూలుగా 0.2 నుంచి 0.3 దాకా ఉంటుంది. 0.25 అనుకుంటే ఘర్షణ కోణం 14 డిగ్రీలు. అంటే బావి వాలు నేలబారు నుంచి 14 డిగ్రీల కంటే తక్కువైతే గొట్టం తనంతట తాను జారదు. ఎంత బరువైన గొట్టం వేసినా ఇదే లెక్క. ఎందుకంటే బరువు పెరిగితే ఘర్షణ కూడా పెరుగుతుంది. దూరపు బావుల్లో ఎక్కువ భాగం నేలబారుకు పది డిగ్రీల లోపే పడుకొని ఉంటుంది.

మరి వెనక నుంచి నెట్టాలి. పై భాగంలో బావి ఇంకా నిలువుగా ఉన్న చోట బరువైన గొట్టాలు పెట్టి, ఆ బరువుతో మిగతా దాన్ని ముందుకు తోస్తారు. ఇక్కడ ఇంకో కష్టం ఎదురవుతుంది. లాగుకు నాడా ఎక్కించేటప్పుడు పిన్నీసుతో ముందు నుంచి లాగితే వస్తుంది, వెనక నుంచి నెడితే ముడతలు పడి ముద్దవుతుంది. ఉక్కు గొట్టమూ అంతే. ముందు పాములా మెలికలు తిరుగుతుంది. ఇంకా నెడితే స్ప్రింగులా చుట్టుకొని బావి గోడలను ఒత్తుకుంటుంది. ఆ తరవాత పైన ఎంత తోసినా కింద అంగుళం కూడా కదలదు.

దీనికి దొరికిన ప్రధానమైన విరుగుడు గొట్టాన్ని ఎప్పుడూ తిప్పుతూ ఉండటం. కొయ్యలో బిగుసుకున్న మేకును తిప్పుతూ లాగితే తేలికగా వస్తుంది కదా! ఘర్షణ ఎప్పుడూ కదలికకు వ్యతిరేక దిశలో పని చేస్తుంది. గొట్టం వేగంగా గుండ్రంగా తిరుగుతుంటే ఘర్షణలో ఎక్కువ భాగం ఆ తిరుగుడును అడ్డుకోవడానికే పోతుంది. ముందుకు పోయే దారిలో అడ్డు తగ్గుతుంది. కాని పూర్వం బావిని వంచాలంటే గొట్టం తిప్పడం ఆపి, వంగిన మోటారుతో కొంచెం కొంచెంగా నెట్టుకుంటూ పోవలసి వచ్చేది. 1990ల చివరలో 'రోటరీ స్టీరబుల్' పరికరాలు వాడకంలోకి వచ్చాయి. బిట్టు వెనకాల ఉండే ఈ పరికరం గొట్టం తిరుగుతుండగానే గోడను ఒక పక్కకు నొక్కి దిశ మారుస్తుంది. విచ్ ఫార్మ్ బావులు అంత దూరం వెళ్ళడానికి ఇది పెద్ద ఆసరా అయింది.

రెండో చిక్కు: కేసింగు దింపడం

మన బోరుకు కేసింగు పైపు వేసినట్టే చమురు బావికీ వేస్తారు. బావి గోడలు కూలకుండా ఉక్కు పైపు దింపి, దాని చుట్టూ సిమెంటు పోస్తారు. డ్రిల్ పైపునైతే తిప్పుతూ దింపవచ్చు. బరువైన కేసింగును కిలోమీటర్ల కొద్దీ అలా తిప్పడం కష్టం. మరి జారని చోట దీన్ని ఎలా నడిపించాలి?

దీనికి జవాబు ఆర్కిమెడిస్ చెప్పాడు. తొమ్మిదిన్నర అంగుళాల పైచిలుకు వెడల్పున్న ఒక రకం కేసింగు మీటరు బరువు సుమారు 70 కిలోలు. బావి నిండా నీటికి 1.2 రెట్లు సాంద్రత ఉన్న ద్రవం ఉందనుకుందాం. కేసింగు లోపల కూడా అదే ద్రవం ఉంటే, ఉక్కు ఆక్రమించిన చోటు మేరకే తేలికవుతుంది. అప్పుడు మీటరుకు సుమారు 59 కిలోలు తూగుతుంది. అదే కేసింగు లోపల ద్రవం పోయకుండా మూతలు బిగించి గాలి ఉంచితే? మొత్తం పైపు ఆక్రమించిన చోటు లెక్కలోకి వస్తుంది. అది తొలగించే ద్రవం బరువు సుమారు 56 కిలోలు. 70లో 56 పోతే మిగిలేది 14 కిలోలు! బరువు నాలుగో వంతుకు దిగింది. గోడ మీద ఒత్తిడి అంత తగ్గితే ఘర్షణ కూడా అంతే తగ్గుతుంది. దూరాన పడుకున్న భాగంలో గాలి, పైన నిలువు భాగంలో ద్రవం ఉంచి, పైనున్న బరువుతో ముందుకు తోస్తారు. పైపు దాదాపు తేలుతూ వెళ్ళిపోతుంది. పడవ నీటి మీద నిలిచే సూత్రమే ఇది.

మూడో చిక్కు: రాతిపొడి

బోరుబండి గాలితో రాతిపొడిని పైకి ఊదేస్తుంది. చమురు బావిలో ఆ పని 'మడ్' చేస్తుంది. మడ్ అంటే మామూలు బురద కాదు. నీళ్ళలోనో నూనెలోనో రకరకాల పదార్థాలు కలిపి తయారుచేసిన ద్రవం. గొట్టం లోపలి నుంచి కిందికి పోయి, బిట్టు రంధ్రాల్లోంచి బయటపడి, గొట్టానికీ గోడకూ మధ్య సందులోంచి రాతిపొడిని మోసుకుంటూ పైకి వస్తుంది.

నిలువు బావిలో రాతిముక్క కిందికి పడాలంటే వందల మీటర్లు పడాలి. ఈలోగా మడ్ దాన్ని పైకి తెచ్చేస్తుంది. పడుకున్న బావిలో రాతిముక్క పడవలసింది జానెడే. వెంటనే అడుగున పేరుకుంటుంది. గొట్టం కూడా అడుగునే పడుకొని ఉంటుంది. మడ్ మాత్రం ఖాళీ ఎక్కువున్న పైభాగంలోంచి పారిపోతుంది. కాలువలో నీరు పైన పారుతున్నా అడుగున పూడిక మేట వేసినట్టే ఇదీ. అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు పూర్తిగా పడుకున్న భాగం కాదు, సగం వాలిన భాగం. అక్కడ పేరుకున్న పొడి ఒక్కసారిగా కిందికి జారి గొట్టాన్ని కప్పేస్తుంది. గొట్టం ఇరుక్కుంటే లక్షలు, కోట్లు పోసిన బావి ఆగిపోయినట్టే.

ఇక్కడ కూడా గొట్టం తిప్పడమే మందు. నిమిషానికి 120 చుట్లు, అంతకంటే ఎక్కువ తిప్పితే అడుగున పేరుకున్న పొడి చెదిరి పైకి లేస్తుంది. పైన జోరుగా పారే మడ్ దాన్ని అందుకుంటుంది. దీంతోపాటు ఒక క్రమశిక్షణ కూడా కావాలి. బిట్టు చక్కగా ముందుకు పోతున్నా సరే, మధ్య మధ్య తవ్వడం ఆపి, మడ్‌ను తిప్పుతూ బావి శుభ్రపడేదాకా ఆగాలి.

మడ్‌కు బరువు రావడానికి అందులో బెరైటీస్ పొడి కలుపుతారు. అదే మన ముగ్గురాయి. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో దొరికే ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. దేశదేశాల చమురు బావుల్లోకి మన రాయి దిగుతోంది. ఈ పొడి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. వాలుగా ఉన్న బావిలో మడ్ కదలకుండా ఉంటే ఇది అడుగుకు త్వరగా దిగిపోతుంది. 1920లో బాయ్‌కాట్ అనే ఇంగ్లీషు వైద్యశాస్త్రవేత్త పరీక్షనాళికను వంచి పెడితే నెత్తురులోని కణాలు త్వరగా దిగుతున్నాయని గమనించాడు. ఆనాడు నెత్తురులో ఆయన చూసిందే ఈనాడు మడ్‌లో డ్రిల్లింగ్ ఇంజనీరుకు తలనొప్పి అయింది.

నాలుగో చిక్కు: ఒత్తిడి

అసలైన ప్రాణాపాయం ఇక్కడ ఉంది. రాతి రంధ్రాల్లోని నీరు, చమురు, గ్యాసు ఒత్తిడితో ఉంటాయి. మడ్ బరువు ఆ ఒత్తిడికంటే తక్కువైతే గ్యాసు బావిలోకి తోసుకొస్తుంది. మరీ ఎక్కువైతే రాయి పగిలి మడ్ అంతా అందులోకి పోతుంది. ఈ రెండు హద్దుల మధ్యే నడవాలి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. పది మీటర్ల నీరు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. 1,600 మీటర్ల లోతున, నీటికి 1.2 రెట్ల బరువున్న మడ్ ఒత్తిడి 192 కిలోలు. రాతిలోని ద్రవం ఒత్తిడి 165 అనుకుందాం. రాయి పగిలే ఒత్తిడి 240 అనుకుందాం. మడ్ నిలిచి ఉన్నంతసేపూ భయం లేదు. కాని మడ్ పారుతున్నప్పుడు గోడల ఘర్షణను దాటడానికి అదనపు ఒత్తిడి కావాలి. 5 కిలోమీటర్ల బావిలో అది 20 అయితే, 10 కిలోమీటర్ల బావిలో సుమారు 40. ఇప్పుడు అడుగున మొత్తం 232. హద్దుకు ఎనిమిది కిలోల దూరంలో ఉన్నాం!

దూరపు బావి రహస్యం అంతా ఈ లెక్కలోనే ఉంది. బావి పొడవు పెరిగేకొద్దీ ఘర్షణ ఒత్తిడి పెరుగుతూ పోతుంది. కాని లోతు పెరగడం లేదు కాబట్టి రాయి బలం పెరగదు. నడిచే దారి మీటరు మీటరుకూ ఇరుకవుతుంది.

దారి తప్పితే ఏమవుతుందో మన కోనసీమ ప్రజలకు చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. బావి అదుపు తప్పి గ్యాసు ఎగజిమ్మింది. రెండు నెలలకు పైగా మంటలు మండాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. అది భూమి మీద తవ్విన బావి, దూరపు బావి కాదు. కాని ఒత్తిడి నియమం ఏ బావికైనా ఒక్కటే.

అయిదో చిక్కు: బిట్టు ఎక్కడుంది?

పది కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ దిశ తప్పితే బిట్టు 175 మీటర్లు పక్కకు పోతుంది. అందుకే బిట్టు వెనకాల భూమ్యాకర్షణనూ, భూ అయస్కాంత క్షేత్రాన్నీ కొలిచే పరికరాలు ఉంటాయి. రాయి స్వభావాన్ని పసిగట్టేవి కూడా ఉంటాయి. ఆ సమాచారం పైకి ఎలా వస్తుంది? మామూలుగా తీగలు ఉండవు. కింద ఒక చిన్న కవాటం తెరుచుకుంటూ మూసుకుంటూ మడ్‌లో ఒత్తిడి తరంగాలు పుట్టిస్తుంది. పైన వాటిని చదువుకుంటారు. తలుపు తట్టి సైగ చేసినట్టన్న మాట. మడ్‌లో ఈ తరంగం సెకనుకు సుమారు 1,300 మీటర్లు పోతుంది. 11 కిలోమీటర్లు రావడానికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు పడుతుంది.

ఒక జబ్బుకు మందు ఇంకో జబ్బు

ఇప్పటిదాకా చిక్కులను విడివిడిగా చెప్పుకున్నాం. బావిలో అవి విడివిడిగా రావు. రాతిపొడి పోవాలని మడ్ జోరు పెంచితే ఒత్తిడి పెరిగి రాయి పగలవచ్చు. ఒత్తిడి తగ్గాలని జోరు తగ్గిస్తే పొడి పేరుకుంటుంది. పొడి పేరుకుంటే సందు ఇరుకై ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది. గొట్టం వేగంగా తిప్పితే ఆ రెండూ సర్దుకున్నా గొట్టం మీద మెలి పెరుగుతుంది, కేసింగు అరుగుతుంది. 11 కిలోమీటర్ల గొట్టం పైన ఎన్నో చుట్లు మెలిపడ్డాక గాని కింద బిట్టు కదలదు.

అందుకే తవ్వకముందే ఇంజనీర్లు కాగితం మీద బావిని ఒకసారి తవ్వేస్తారు. ఘర్షణ గుణకం 0.2 అయితే ఏ దూరంలో రిగ్గు కొక్కెం మీద ఎంత బరువు పడాలి, 0.25 అయితే ఎంత, 0.3 అయితే ఎంత అని గీతలు గీస్తారు. తవ్వేటప్పుడు రోజూ నిజంగా వచ్చిన బరువును ఆ గీతల మీద చుక్కలుగా పెడతారు. చుక్కలు 0.2 గీత నుంచి 0.3 గీత వైపు జరుగుతున్నాయంటే కంటికి కనబడని చోట పొడి పేరుకుంటోందన్న మాట. వెంటనే ఆపి శుభ్రం చేస్తారు. చూసి ఆపినవాళ్ళు గెలిచారు. ఇంకొంచెం పోదాం అనుకున్నవాళ్ళు గొట్టం పోగొట్టుకున్నారు. దూరపు బావిని గెలిపించింది పెద్ద యంత్రం ఒక్కటే కాదు, సకాలంలో 'ఆపు' అనగలిగిన మనిషి కూడా.

ఎంత దూరం దాకా?

విచ్ ఫార్మ్ రికార్డు తరవాత చాలా బావులు దాన్ని దాటాయి. ఖతార్ సముద్రంలోని అల్ షహీన్ క్షేత్రంలో 2008లో 12,289 మీటర్ల బావి తవ్వారు. రష్యాలోని సఖాలిన్ దీవి దగ్గర సముద్రం చలికాలంలో గడ్డకడుతుంది. అక్కడ ఒడ్డు నుంచి తవ్విన ఒక బావి 2011లో 12,345 మీటర్లకు చేరింది. 2017లో అక్కడే ఒక సముద్ర వేదిక నుంచి 15,000 మీటర్ల బావి పూర్తి చేశారు. 2022లో అబుదాబిలోని అప్పర్ జాకుమ్ క్షేత్రంలో కృత్రిమ దీవి నుంచి తవ్విన బావి 15,240 మీటర్లు దాటింది.

మన కృష్ణా-గోదావరి బేసిన్లో కూడా ఒడ్డు నుంచే తవ్వేయవచ్చు కదా అనిపిస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న నిల్వలకైతే ఆలోచించవచ్చు. కాని 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. చమురు తీయడం మొదలుపెట్టిన లోతు సముద్రపు క్షేత్రం కాకినాడ తీరానికి దాదాపు 30 కిలోమీటర్ల అవతల ఉంది. అంత దూరం ఏ దూరపు బావికీ ఇంతవరకు అందలేదు. అందుకే అక్కడ సముద్రంలోనే బావులు వేసి, అడుగున పైపులైన్లు పరిచారు.

తమ్ముళ్ళకు ఒక మాట

కోనసీమలో, కాకినాడ తీరంలో రిగ్గుల వెలుగులు మన ఇళ్ళ నుంచే కనబడతాయి. మన వాళ్ళు అక్కడ కాపలా పనికో, మట్టి పనికో వెళ్తుంటారు. ఏ పనీ తక్కువ కాదు. కాని ఆ గేటు లోపల కంప్యూటరు ముందు కూర్చొని చుక్కలు గీతలు చూసి 'ఆపండి' అని చెప్పే మనిషి కూడా మన హాస్టల్ నుంచి వెళ్ళాలి. ప్రమాదం జరిగితే ముందుగా ఇళ్ళు విడవవలసింది ఆ పక్క పల్లెల్లోని మన వాళ్ళే. అలాంటప్పుడు ఆ నిర్ణయం తీసుకునే గదిలో మన వాళ్ళు ఒకరైనా ఉండటం న్యాయం.

అందుకు దారులు ఉన్నాయి. బి.ఎస్సీ. జియాలజీ చదివినవాళ్ళు రిగ్గు మీద రాతిపొడిని పరీక్షించే మడ్ లాగర్లుగా చేరుతున్నారు. కెమిస్ట్రీ వాళ్ళకు మడ్ పని, మెకానికల్ వాళ్ళకు యంత్రాల పని ఉంది. విశాఖపట్నంలో 2016లో పెట్రోలియం చదువుకే ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థ మొదలైంది. గేట్ పరీక్షలో పెట్రోలియం ఇంజనీరింగుకు వేరే పేపరు ఉంది.

ముందుగా చేయవలసింది మాత్రం చిన్న పని. ఈ రాత్రి స్టడీ అవర్లో ఫిజిక్స్ పుస్తకం తీసి, ఘర్షణ, ప్లవనం, ద్రవపీడనం పాఠాలు మార్కుల కోసం కాకుండా ఒకసారి చదవండి. వాలుతలం మీద దిమ్మె బొమ్మ కనబడినచోట దిమ్మెకు బదులు పదకొండు కిలోమీటర్ల గొట్టాన్ని ఊహించుకోండి. పాఠం చివర ఉన్న లెక్కలు ఒక్కటి కూడా వదలకుండా చేయండి.